ఈ పైసలు ఏ బస్తాలవి?

ఫిబ్రవరి వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్ దారి పట్టినవాళ్లకు గేటు దాటకముందే మిర్చి ఘాటు తగులుతుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, నర్సంపేట, పరకాల దిక్కుల నుంచి రాత్రికి రాత్రి ట్రాక్టర్లు, డీసీఎంలు, ట్రాలీ ఆటోలు వచ్చి బస్తాలు దించిపోతాయి. తెల్లారేసరికి షెడ్ల కిందనే కాదు, షెడ్ల బయట కూడా బస్తాల వరసలే. రైతు తన బస్తాల మీదనే తలవాల్చి ఓ కునుకు తీసి, చలికి తువ్వాల కప్పుకొని లేచి కూర్చుంటాడు. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఇదొకటని వరంగల్లో ఎవరినడిగినా చెబుతారు. నాకు మాత్రం దాని పెద్దతనం కన్నా, అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు మారే చీటీల మీదే ఎక్కువ ధ్యాస.

ఒక లాటు మిర్చి ఆ యార్డులో ఎలా నడుస్తుందో చూడండి. గేటు దగ్గర ఎంట్రీ అవుతుంది. రైతు పేరు, ఊరు, సరుకు రకం, బస్తాల లెక్క, ఏ అడ్తికి (కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణానికి) వచ్చిందన్నది రాసుకుంటారు. బస్తాలు ఆ అడ్తిదారు తావులో దిగుతాయి. పొద్దున జెండా పాట అవుతుంది. ఆ రోజు వచ్చిన మంచి సరుకుకు పాడిన ధర అది, మిగతా బేరాలన్నీ దాన్ని చూసుకొని సాగుతాయి. తర్వాత ఖరీదుదారులు వరసల వెంట తిరుగుతారు. బస్తా మూతి విప్పించి గుప్పెడు కాయ తీసి, విరిచి, గింజ చూసి, తేమ చూసి, ధర చెబుతారు. ధర కుదిరితే చీటీ మీద పడుతుంది. హమాలీలు బస్తాలు కాంటాకు మోస్తారు, దడ్వాయి తూకం రాస్తాడు. తూకం, ధర, ఖర్చులు కలిపి తక్‌పట్టీ తయారవుతుంది. చివరికి పైసలు.

ఈ పనులేవీ ఒకే మనిషి చేసేవి కావు, ఒకే చోట జరిగేవీ కావు. గేటు దగ్గరి మనిషికి ధర తెలియదు. ధర పెట్టిన ఖరీదుదారు తూకం దగ్గర నిలబడడు. దడ్వాయికి రైతు బ్యాంకు ఖాతాతో పని లేదు. పైసలు వేసే గుమాస్తా ఆ మిర్చిని కంటితో చూసి ఉండడు. అయినా గేటు చీటీ, ధర, తూకం, డబ్బు, ఈ నాలుగు కబుర్లూ నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఒకే లాటు మీద వాలాలి. అదే గంటలో అదే యార్డులో అలాంటి లాట్లు వందల కొద్దీ నడుస్తుంటాయి. పక్క లాటు తూకం ఈ లాటు మీద పడితే ఒక రైతుకు అన్యాయం జరుగుతుంది. ఆ సంగతి అవతలి రైతుకు కూడా తెలియదు.

బ్యాంకులకు, బీమా కంపెనీలకు ప్రోగ్రాములు రాయడం నా బతుకుదెరువు. మా పనిలో సగం కష్టం ఇక్కడే. అప్పు దరఖాస్తు ఒకటి మొదలవుతుంది. అది గంటలో ముగిసే పని కాదు, వారం పట్టవచ్చు, నెల పట్టవచ్చు. ఆ లోపల ఆస్తి విలువ కట్టినవాళ్ల రిపోర్టు ఒక దిక్కు నుంచి, వకీలు అభిప్రాయం మరో దిక్కు నుంచి, పాత అప్పుల వివరం ఇంకో దిక్కు నుంచి వస్తాయి. అప్పటికి అలాంటి దరఖాస్తులు వేల సంఖ్యలో సగం సగం నడిచి ఎదురుచూస్తూ ఉంటాయి. వచ్చిన ప్రతి మెసేజూ ఒకే తలుపు దగ్గరికి వస్తుంది. ‘నేను ఫలానా దరఖాస్తుకు చెందినదాన్ని’ అని దానంతట అది చెప్పుకోలేదు. దాని ఒంటి మీద రాసి ఉన్నదాన్ని చదివి, ఎదురుచూస్తున్న వేలల్లోంచి సరైనదాన్ని పట్టుకొని దాని చేతికి అందించాలి. దీన్నే కోరిలేషన్ అంటాం.

ఇది కొత్త చింత కాదు. 1982 నాటి ఈ-మెయిల్ ప్రమాణంలోనే ఉత్తరానికి ఒక గుర్తు పెట్టే వీలు కల్పించి, జవాబు ఏ ఉత్తరానికన్నది జవాబులోనే రాసే గడి పెట్టారు. 2002లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, బీఈఏ కంపెనీలు కలిసి బీపెల్ అనే భాషను బయటపెట్టాయి. వారాల తరబడి నడిచే వ్యాపార పనులను రాసుకోవడానికి పుట్టిన భాష అది. 2007లో ఒయాసిస్ సంస్థ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. ఆ భాషలో నాకు బాగా నచ్చిన భాగం కోరిలేషన్ సెట్. కంప్యూటరు తనకోసం తయారుచేసుకున్న గుర్తును మోయమని అది లోకాన్ని బలవంతపెట్టదు. వ్యాపారంలో మనుషులు ముందు నుంచీ వాడుతున్న ఆర్డరు నంబరు, బిల్లు నంబరు లాంటివాటినే పట్టుకుంటుంది. మొదటి మెసేజ్ రాగానే అందులోని నంబరును ఆ పనికి ముడివేసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత అదే నంబరుతో వచ్చినదేదైనా నేరుగా ఆ పని దగ్గరికే పోతుంది. ఒకసారి ముడిపడ్డ నంబరు మధ్యలో మారడానికి వీల్లేదు, మారితే ప్రోగ్రాం తప్పు అని ఆగిపోతుంది.

మరి ఏ నంబరు పట్టుకోవాలి? అసలు తెలివంతా ఈ ప్రశ్నలో ఉంది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. మనిషి పేరు పట్టుకుంటారు. పేరు చాలదని తెలిశాక ఫోను నంబరు, అదీ చాలదనుకుంటే ఆధార్ నంబరు. ఇవన్నీ మనిషి గుర్తులు. మనకు కావలసింది పని గుర్తు.

మా దూరపు చుట్టం ఒకాయన ఏటూరునాగారం దిక్కు నుంచి మిర్చి తెచ్చేవాడు. మేమంతా కాకా అంటాం. ఒక సీజన్‌లో ఒకే రోజు, ఒకే బండిలో, ఒకే అడ్తికి రెండు లాట్లు తెచ్చాడు. ఒకటి తేజ ఎర్రకాయ, ఇంకొకటి తాలు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. దానికి ధర వేరు, కొనేవాళ్లూ వేరే. ఎర్రకాయను ఒక ఖరీదుదారు కొన్నాడు, తాలును మరొకరు. రెండు తక్‌పట్టీలు వచ్చాయి. కొన్నాళ్లకు కాకా ఫోనుకు బ్యాంకు మెసేజ్ వచ్చింది, ఇంత జమ అయిందని. ఆ మొత్తం ఏ తక్‌పట్టీతోనూ కలవలేదు. పంట పెట్టుబడికి ముందే తీసుకున్న బాకీ మినహాయించుకొని వేశారు మరి. పడ్డది ఎర్రకాయ పైసలా, తాలు పైసలా, రెండూ కలిపా? బాకీ దేంట్లోంచి పట్టుకున్నారు? ఇంకా రావలసింది ఉందా, అయిపోయిందా?

“ఏం కాకా, పైసలు పడ్డయా?” అని అడిగాను.

“పడ్డయి బిడ్డా. గని యే బస్తాలయో ఎరుకైతలేదు” అన్నాడు.

ఆ మెసేజ్ నాకు చూపించాడు. బటన్ల ఫోను, గీతలు పడ్డ చిన్న తెర. అందులో ఖాతా నంబరు చివరి అంకెలు, మొత్తం, తేదీ, బ్యాంకు వేసుకున్న పొడవాటి రిఫరెన్స్ నంబరు, ఇంతే. జేబులోంచి తక్‌పట్టీలు తీశాడు. కార్బన్ పేపరు కింద రాసిన నీలం అక్షరాలు చెమటకు కొంత అలికినా అన్నీ చదవవచ్చు: పేరు, ఊరు, లాటు, బస్తాలు, తూకం, ధర, హమాలీ, మిగతా ఖర్చులు, నికరం. పై మూలన అచ్చేసిన ఎర్ర అంకెల నంబరు. ఆ కాగితం మీద రైతుకు కావలసిన వివరాలన్నీ ఉన్నాయి. ఆ ఫోను మీద బ్యాంకుకు కావలసినవన్నీ ఉన్నాయి. కాగితం మీది ఒక్క అంకె ఫోను మీద లేదు, ఫోను మీది ఒక్క అంకె కాగితం మీద లేదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది కాకా ఒక్కడే.

అడ్తి దుకాణంలో అడిగితే గుమాస్తా చిట్టా తిరగేసి, రెండూ కలిపి చూసి చెబుతాం, రేపు రమ్మన్నాడు. అంత దూరం నుంచి ఒక మనిషి బస్సు కిరాయి పెట్టుకొని మళ్లీ రావాలి, కేవలం రెండు నంబర్లను ఒకచోట చేర్చడానికి. చివరికి లెక్క తేలింది, ఎవరూ మోసం చేయలేదు. అయినా ఆ రోజులన్నీ కాకా మనసులో అనుమానం పెట్టుకొనే తిరిగాడు. నా కోపం ఎవరి నిజాయితీ మీదా కాదు. నిజాయితీగా జరిగిన పని కూడా మోసంలా కనబడేంత అజాగ్రత్తగా కబుర్లు పంపుతున్నామే, దాని మీద.

ఇక్కడ కాకా ఆధార్ నంబరు ఏం చేయగలదు? రెండు లాట్లూ ఆ ఆధార్‌వే. ఫోను నంబరు? ఆ ఫోను మీదనే ఆయన అన్నయ్య పత్తి పైసల మెసేజ్ కూడా వస్తుంది, ఎందుకంటే ఇంట్లో అప్పటికి ఉన్న ఫోను అదొక్కటే. మనిషిని ఎంత గట్టిగా గుర్తించినా, ఆ మనిషికి నడుస్తున్న రెండు పనుల్లో ఇది ఏదన్నది తేలదు. ఈ పదేళ్లలో మన దేశం మనుషులను గుర్తించడానికి ఎంతో కష్టపడింది. పనులను గుర్తించడానికి అందులో వందో వంతు కూడా పడలేదని నా గట్టి నమ్మకం.

ఆసుపత్రుల వాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో మనిషి చేరితే ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు వేస్తారు. అది ఆ మనిషి నంబరు కాదు, ఆ చేరికది. అదే మనిషి నాలుగు నెలల తర్వాత మళ్లీ చేరితే కొత్త ఐపీ నంబరు. రక్తం తీసిన సీసా మీద, ల్యాబ్ చీటీ మీద, కేసు షీటు మీద ఆ నంబరే ఉండాలి. కిందటిసారి చేరినప్పటి రిపోర్టు ఈసారి కేసు షీట్లో కలిస్తే, పేరు సరైనదే, మనిషీ సరైనవాడే, వైద్యం మాత్రం తప్పుతుంది.

ఇంకా పాతవాళ్లు రైల్వే వాళ్లు. కాజీపేటలో సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ లైన్లు కలుస్తాయి. 1929లో బల్లార్షా లైను పూర్తయ్యాక మద్రాసు నుంచి ఢిల్లీకి ఇదే దారి అయింది. ఒక స్టేషన్ మాస్టర్ పక్క స్టేషన్‌కు ఫోను చేసి బండి పంపనా అని అడిగినప్పుడు, అవతలివాడు సరే పంపు అంటే చాలదు. ఏ బండికి సరే అంటున్నాడో చెప్పాలి. తన దగ్గరి షీటులోంచి ఒక ప్రైవేట్ నంబరు కూడా చెప్పాలి. ఇద్దరూ దాన్ని రిజిస్టర్లో ఆ బండికి ఎదురుగా రాసుకుంటారు. వాడిన నంబరును షీటులో కొట్టేస్తారు, మళ్లీ వాడరు. ముందుపోయిన గూడ్సుకు ఇచ్చిన ‘సరే’ వెనకాల వచ్చే ప్యాసింజర్‌కు చెల్లదు. ప్రాణాలతో పని కాబట్టి రైల్వేలో ఇంత పట్టింపు. పంట పైసలు కూడా ప్రాణాలతో ముడిపడ్డవేనని వరంగల్ జిల్లా పల్లెల్లో తిరిగినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఒకే నంబరు మొదటి నుంచి చివరి దాకా నడవాలన్న నియమం కూడా ఏమీ లేదు. నడవదు కూడా. గేటు దగ్గర ఒక నంబరు పుడుతుంది, తక్‌పట్టీకి ఇంకో నంబరు, బ్యాంకులో మరొకటి. ఎవరి పుస్తకం వాళ్లది, ఎవరి వరస వాళ్లది. అందులో తప్పు లేదు. ఒక నంబరు నుంచి ఇంకొక నంబరుకు దాటే చోట మాత్రం రెండూ ఒకే కాగితం మీద కనబడాలి. గేటు నంబరు లాటు చీటీ మీద ఉండాలి, లాటు నంబరు తక్‌పట్టీ మీద ఉండాలి, తక్‌పట్టీ నంబరు బ్యాంకు మెసేజ్‌లో ఉండాలి. గొలుసులో ప్రతి కొక్కెం పక్కదాన్ని పట్టుకున్నట్టు. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఆన్‌లైన్ మార్కెట్ వేదిక ఈ-నామ్ ఈ గొలుసును బాగానే ఆలోచించింది. గేటు దగ్గరే లాటుకు గుర్తు వేస్తుంది. నాణ్యత పరీక్ష, బిడ్డు, తూకం, బిల్లు అన్నీ ఆ గుర్తు కిందే ఎక్కుతాయి. అయితే కంప్యూటరు బయట జరిగే పనిని అది పట్టుకోలేదు. బాకీ మినహాయింపు అడ్తి చిట్టాలో జరిగి, డబ్బు మామూలు బ్యాంకు దారిలో వస్తే, చివరి కొక్కెం ఊడిపోయినట్టే.

వరి దగ్గరికి వస్తే చిక్కు ఇంకో రకం. మిర్చిలో ఒక్కో కబురు ఒక్క లాటుకే చెందుతుంది. ఊళ్లో వడ్లు కొనే ఐకేపీ సెంటరు దగ్గర సంగతి అలా కాదు. నలుగురైదుగురు రైతుల వడ్లు కలిపి ఒక లారీ నిండుతుంది. లారీతో ట్రక్ షీటు పోతుంది. మిల్లులో దించుకున్నాక, ఇంత ముట్టిందని మిల్లు నుంచి జవాబు రావాలి, అది ట్యాబులో ఎక్కాలి, అప్పుడే పైసల కదలిక. ఇక్కడ జవాబు లారీకి వస్తుంది, ఎదురుచూసేది మాత్రం రైతులు. ఒక్క జవాబును నలుగురికి పంచాలి. పెద్ద రైతు వడ్లు రెండు లారీల్లో పోతే రెండు జవాబులు కలిస్తే గానీ అతని పని పూర్తి కాదు. ఒక లారీ దిగి, రెండో లారీ మిల్లు ముందు క్యూలో నిలిచిపోతే, ‘నీ వడ్లు ముట్టినయి’ అనవచ్చా, అనకూడదా? మిల్లులో తరుగు తీశామంటే ఆ తరుగు లారీలోని ఎవరి బస్తాలది? అందరికీ సమంగా పంచితే గట్టి వడ్లు తెచ్చిన రైతు పక్కవాడి తాలు గింజలకు కూడా నష్టపోతాడు. సెంటరు దగ్గర జరిగే గొడవల్లో చాలా వాటికి మూలం ఈ పంపకమే. దీన్ని పైకి మనుషుల తగాదాగా చూస్తాం. లోపల చూస్తే లారీ గుర్తుకూ రైతు గుర్తుకూ నడుమ ఒక పట్టిక సరిగా రాయకపోవడం. ఏ లారీలో ఎవరి బస్తాలు ఎన్ని, ఎవరి వడ్ల తేమ ఎంత అని లారీ కదలకముందే రాసుకుంటే, మిల్లు మాట వచ్చినప్పుడు పంచడం లెక్కల పని అవుతుంది, పంచాయితీ కాదు.

కబురు ముందు వెనక కావడం ఇంకో చిక్కు. జవాబు ఒక్కోసారి ప్రశ్న కన్నా ముందే వస్తుంది. కాంటా దగ్గర తూకం కంప్యూటర్లో ఎక్కింది, నెట్ లేక ధర ఇంకా ఎక్కలేదు. తూకం కబురు వచ్చేసరికి ఆ లాటు ఇంకా ధర కోసమే చూస్తోంది, తూకాన్ని అడగనే లేదు. తొందరపడి రాసిన ప్రోగ్రాం అప్పుడేం చేస్తుందంటే, ఈ తూకం కోసం ఎవరూ ఎదురుచూడడం లేదు కదా అని దాన్ని పారేస్తుంది. తర్వాత ధర వస్తుంది, లాటు తూకం కోసం కూర్చుంటుంది, తూకం మళ్లీ రాదు. పైకి చూస్తే ఎక్కడా తప్పు కనబడదు, పని మాత్రం కదలదు. ఇలాంటివి వెతకడానికి నేను రాత్రులు గడిపాను. ముందొచ్చిన కబురును పారేయకుండా పక్కన దాచి, అడిగినప్పుడు ఇవ్వాలి. ఈ చిన్న ఓర్పు ఉన్న ప్రోగ్రాములు ఇప్పటికీ తక్కువే.

సర్కారు దఫ్తర్లలో ఓర్పు మాత్రం మొదటి నుంచీ ఉంది. నిజాం కాలంలో మిసిల్ అన్నా, ఇప్పుడు ఫైలన్నా, మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి జిల్లా కార్యాలయాల్లో నిలిచిన టాటెన్‌హామ్ పద్ధతి అన్నా, వాటి అసలు పని ఒకటే: వచ్చిన తపాలును అంతకుముందు నడుస్తున్న వ్యవహారంతో కలపడం. ఆ పద్ధతిలో ప్రతి గుమాస్తా దగ్గర పర్సనల్ రిజిస్టర్ ఉంటుంది. ఉత్తరం రాగానే అందులో కరెంటు నంబరు పడుతుంది. ఆ సంగతి మీద పాత ఫైలు ఉంటే కొత్త ఉత్తరం దాని వెనకాల చేరాలి, కొత్త ఫైలు తెరవకూడదు. ఆఫీసు ఉత్తరాల పైన ‘సూచిక’ అని పాత ఉత్తరం నంబరు, తేదీ రాసేది ఇందుకే. ఆ ఒక్క వరుస చూసి మంచి గుమాస్తా క్షణంలో ఫైలు తీస్తాడు. అది లేకపోతే ఎంత మంచి గుమాస్తా అయినా వెతుక్కోవలసిందే.

2016 అక్టోబర్ 11న, దసరా రోజు, ఈ పద్ధతికి పెద్ద పరీక్ష వచ్చింది. పాత వరంగల్ జిల్లాలోంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. కరీంనగర్ నుంచి ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ మండలాలు ఇటు వచ్చాయి. చేర్యాల, మద్దూరు సిద్దిపేటకు పోయాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అంటే, ‘వరంగల్ కలెక్టర్ గారికి’ అని రాసిన ఉత్తరం ఏ సంవత్సరం రాసిందన్నదాన్ని బట్టి వేరు వేరు ఆఫీసులకు పోవాలి. సగం నడిచిన భూముల ఫైళ్లు బీరువాలతో సహా ఊళ్లు మారాయి, వాటికి రావలసిన జవాబులు పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చాయి. అలాంటప్పుడు ఆఫీసు పేరు మారుతుంది, జిల్లా పేరు మారుతుంది, మండలం కూడా మారవచ్చు. మారనివి ఊరి పేరు, సర్వే నంబరు, పాత ఫైలు నంబరు. గుర్తుగా పట్టుకోవలసింది ఎప్పుడూ అలా నిలిచి ఉండేదాన్ని. ఆనాడు రాత్రింబవళ్లు కూర్చొని ఆ ఫైళ్లు విడదీసి సర్దిన రెవెన్యూ ఉద్యోగుల పని గురించి ఎవరూ రాసినట్టు నాకు తెలియదు. రాయవలసింది.

ఇప్పటికీ సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి చూడండి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడ్డ పాత రసీదులు. ఇదివరకు ఇచ్చిన అర్జీనే మళ్లీ రాయించి తెస్తారు. పాత రసీదు నంబరు కొత్త అర్జీలో రాయరు, ఎందుకంటే రాయాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. దాంతో పాత సంగతే కొత్త నంబరుతో మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతుంది. పాత ఫైలు జవాబు కోసం ఒకచోట, కొత్త ఫైలు ఇంకొకచోట కూర్చుంటాయి. అర్జీ తీసుకునే టేబుల్ దగ్గర ‘ఇంతకుముందు ఇచ్చిన అర్జీ ఉందా అమ్మా?’ అని ఒక్క మాట అడిగితే, ఆ నంబరు రాసుకుంటే, ఎన్నో అర్జీలు రెండోసారి పుట్టకుండా ఆగుతాయి.

దేనికీ కలవని కబురు సంగతేమిటి? తపాలా శాఖ ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అందరికన్నా మర్యాదగా జవాబు చెప్పింది. చేరవలసినవాళ్లు దొరకక, పంపినవాళ్ల చిరునామా కూడా పైన లేని ఉత్తరాల కోసం రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు పెట్టింది. మామూలుగా ఎవరూ విప్పకూడని ఉత్తరాన్ని అక్కడ విప్పి, లోపలేమైనా ఆచూకీ ఉందేమో చూసి, వీలైతే తిప్పి పంపుతారు. బ్యాంకుల్లో ఎవరిదో తేలని సొమ్ముకు సస్పెన్స్ ఖాతా ఉంటుంది. ప్రోగ్రాములు రాసే మేమూ అలాంటి చోటు కట్టాలి. ముడిపడని మెసేజ్‌ను అక్కడ పెట్టాలి, దాన్ని రోజూ ఒక మనిషి కళ్లతో చూడాలి. చోటు కట్టి, చూసే మనిషిని పెట్టని ఆఫీసులను నేను చాలా చూశాను. అలా పడి ఉన్న ప్రతి మెసేజ్ వెనక ఒక రైతో, పింఛను కోసం చూసే ఒక ముసలమ్మో, జవాబు రాలేదని అనుకునే ఒక మనిషో ఉంటారు.

ఈ సంగతులు వరంగల్లో కూర్చొని రాయడానికి నాకు ఒక కారణం ఉంది. 1959లో దేశంలోనే మొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు నెహ్రూ పునాదిరాయి వేసింది ఇక్కడే, ఇప్పటి ఎన్‌ఐటీ అదే. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీల ఆఫీసులు మొదలయ్యాయి. మడికొండ నుంచి ఎనుమాములకు నిండా గంట ప్రయాణం కూడా ఉండదు. దూరదేశాల బ్యాంకుల మెసేజ్‌లకు ముడులు వేసే పిల్లలు మన ఊళ్లోనే ఉన్నారు. వాళ్లలో చాలామంది మిర్చి, పత్తి పండించిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. మార్చి నెలలో ఒక పొద్దున యార్డుకు వెళ్లి, ఒక లాటు వెంట గేటు నుంచి కాంటా దాకా నడవండి. ఏ చీటీ మీద ఏ నంబరు ఉంది, ఏది తర్వాతి చీటీకి ఎక్కలేదు అని రాసుకోండి. మార్కెట్ కమిటీ వాళ్లకు చూపండి.

అడ్తిదారులకు, ఖరీదుదారులకు, వాళ్ల గుమాస్తాలకు నా విన్నపం ఇంకా చిన్నది. మీరు రైతు ఖాతాలోకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ఫారంలోనూ యాప్‌లోనూ రిమార్కులు రాయడానికి ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదంటే ‘మిర్చి’ అని ఊరుకుంటారు. అందులో తక్‌పట్టీ నంబరు రాయండి. రెండు తక్‌పట్టీల పైసలైతే రెండు సార్లు వేయండి. బాకీ పట్టుకుంటే ఏ తక్‌పట్టీలోంచి ఎంత పట్టుకున్నారో అదే తక్‌పట్టీ వెనక రాసి సంతకం పెట్టి ఇవ్వండి. దీనికి కొత్త చట్టం వద్దు, కొత్త యాప్ వద్దు, పైసా ఖర్చు లేదు. వచ్చే సీజన్ మొదటి లాటు నుంచే మొదలుపెట్టవచ్చు.